ఎడమవైపు మూడు చారలు

యంత్రం రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగుతోంది. మధ్యలో అరచెయ్యంత చర్మం ముక్క. ఎవరి ఒంటి నుంచీ కోసింది కాదు, గాజు పళ్ళెంలో పెంచింది. జలజ లైటు కిందికి వంచి దాన్నే చూస్తోంది. చర్మం సాగింది, తెల్లబారింది, ఇంకాస్త సాగింది. పైకి ఎక్కడా చిరగలేదు. కానీ ఒకచోట లోపలి పోగులు తెగి, సన్నటి గీత మిగిలింది.

"ఇది లేపనం రాయనిది," అంది జలజ, పక్కనే నిలబడి చూస్తున్న నర్సు ఎస్తేరుతో. "కడుపుతో ఉన్నవాళ్ళ పొట్ట మీద జరిగేది ఇదే. లోపల బిడ్డ పెరిగినంత తొందరగా పైన చర్మం పెరగదు. లోపలివైపు తెగుతుంది. తెగినచోట ఒళ్ళు మాసిక వేసుకుంటుంది. ఆ మాసికే చార."

తరవాత రెండో ముక్క పెట్టింది. ఇది లేపనం రాసింది. అంతే దూరం సాగింది. వదిలేయగానే నెమ్మదిగా ముడుచుకుని ముందెలా ఉందో అలా అయిపోయింది. ఎస్తేరు కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగింది. గీత లేదు.

"పదేళ్ళ ముందు కనిపెట్టాల్సింది మేడమ్," అంది. "నా పొట్ట దున్నిన చేనులా ఉండేది కాదు."

కాకినాడ రేవులో ఒక చేప ఉంది. వలలో పడితే జాలర్లు తిట్టుకుంటూ మళ్ళీ సముద్రంలోకే విసిరేస్తారు. విషం కాబట్టి కూరకి పనికిరాదు. ముట్టుకుంటే నీళ్ళు మింగి బంతిలా ఉబ్బుతుంది, వదిలేస్తే మామూలైపోతుంది. ఎన్నిసార్లు ఉబ్బినా దాని తోలు మీద గీత పడదు. ఆ తోలులో పోగులు తెగకుండా ఒకదాని మీద ఒకటి జారి, పని అయ్యాక తమ మొదటి చోటికి వచ్చేసేలా చేసే పదార్థం ఒకటుంది. దాన్ని మనిషి చర్మానికి సరిపడేలా మార్చడానికి డాక్టర్ త్రిపురసుందరి తన వయసులో సగం ఖర్చు పెట్టారు. ప్రయోగశాలలో అందరూ ఆమెను సుందరి మేడమ్ అనేవారు. జలజ ఆమె దగ్గర పరిశోధకురాలు.

ఇక మనుషుల మీద పరీక్ష మొదలవుతుంది. తొలిచూలు ఆడవాళ్ళనే తీసుకోవాలని నియమం పెట్టుకున్నారు. పాత చారలున్న పొట్ట మీద కొత్త చార వచ్చిందో లేదో తేల్చడం కష్టమని.

*

జగన్నాథపురంలో వాళ్ళ ఇంటి వరండాలో జలజ తల్లి భూలక్ష్మి చింతచిగురు నలుపుతోంది. కూతురు చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

"ఏమంటందే మీ చేప?"

"బాగానే ఉందమ్మా. వచ్చే వారం నుంచి మనుషులకి ఇస్తారు."

"ఉబ్బసానికి మింగిత్తారే, ఆ చేప మందేనా?" అన్నాడు అన్న నూకరాజు. ఐసు ఫ్యాక్టరీ నుంచి రేవుకి ఐసు తోలే వ్యాను అతనిది. ఇంటికొచ్చినా చొక్కా తడిగానే ఉంటుంది.

"అది మింగే చేప. ఇది రాసుకునే చేప."

"అయితే రెండూ పులుసుకి పనికిరావన్నమాట."

నూతి దగ్గర గిన్నెలు కడుగుతున్న పూర్ణిమ నవ్వింది. నూకరాజు ఆ నవ్వు వైపు తిరిగి చూశాడు. ఆమె పైకి నవ్వడం ఆ ఇంట్లో అంత తరచుగా వినబడే సంగతి కాదు.

రెండేళ్ళ కిందట పూర్ణిమ తొలి కాన్పుకి వాళ్ళ పిన్ని ఊరు వెళ్ళింది. తల్లి లేదు కాబట్టి పిన్ని ఇల్లే పుట్టిల్లు. బిడ్డ పుట్టేసరికే ప్రాణం లేదు. అప్పుడు జలజ చదువుకోసం పుణేలో ఉంది. ఫోన్లో తల్లి చెప్పిందల్లా, "అచ్చిరాలేదమ్మా, పిల్ల మాత్రం బాగానే ఉంది," అని. పిల్లంటే పూర్ణిమ. జలజ ఇంటికొచ్చేసరికి పూర్ణిమ మామూలుగా వంట చేస్తోంది. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. బాధపెట్టకూడదనే ఎత్తలేదు. ఇప్పుడు పూర్ణిమకి మళ్ళీ నాలుగో నెల. ఈసారి పుట్టింటి మాటే వద్దని, కాన్పు ఇక్కడే అని భూలక్ష్మి తేల్చేసింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక పూర్ణిమ జలజ పక్కన కూర్చుంది.

"మీ పరీక్షకి నేనూ వస్తాను జలజా."

"నువ్వెందుకు వదినా?"

"చారలు రాకుండా ఉంటాయన్నావు కదా."

భూలక్ష్మికి నవ్వొచ్చింది. "పొట్ట ఎవరికి చూపిత్తావే? చీర కింద ఉండేదానికి ఎన్ని సోకులో."

"ఉండనీయండి అత్తా. ఒక సోకైనా ఉండాలి కదా," అంది పూర్ణిమ.

"సర్లే. రాసుకుందూగానీ. నేనే రాత్తాలే, నీ చేతికి అందదు," అంది భూలక్ష్మి. ఆమె ఒప్పుకుంటే ఇక ఆ ఇంట్లో అడ్డు లేనట్టే.

*

పరీక్షకి చేర్చుకునే రోజు ఎస్తేరు బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరినే అడుగుతోంది. పూర్ణిమ వంతు వచ్చింది. పక్కన భూలక్ష్మి, వెనక జలజ.

"ఎన్నో కాన్పమ్మా?"

"తొలి కాన్పేనండి," అంది భూలక్ష్మి.

పూర్ణిమ తల ఊపింది.

జలజ ఆ మాట వింది. ఆమెకు అందులో అబద్ధం ఏదీ తగల్లేదు. వాళ్ళ ఇంట్లో, వాళ్ళ వీధిలో, పోయిన బిడ్డను కలుపుకుని కాన్పులు లెక్కపెట్టిన వాళ్ళని ఆమె ఎప్పుడూ చూడలేదు. బతికిన బిడ్డ నుంచే లెక్క మొదలు. చదువు ఎంత చదివినా ఆ లెక్క ఆమెలోనూ అలాగే ఉంది. ఆమె పక్క బల్ల మీది సీసాలు సర్దుకుంటూ ఉండిపోయింది.

లోపలి గదిలో పొట్ట చూసిన ఎస్తేరు, "ఇవేంటమ్మా, ఎడమవైపు?" అని అడిగింది.

"పెళ్ళికి ముందు లావుగా ఉండేదాన్నండి. తగ్గాను," అంది పూర్ణిమ.

మూడు చిన్న గీతలు. పాతబడి, వెండి రంగుకి తిరిగినవి. ఎస్తేరు వాటిని పట్టించుకోలేదు. ట్యూబులు చేతికిచ్చి, స్నానం చేశాక రాయాలని, ఒక్క రోజు కూడా మానకూడదని చెప్పి పంపింది.

ఆ రోజు నుంచి వాళ్ళ ఇంట్లో అదొక పని అయింది. పూర్ణిమ స్నానం చేసి రాగానే భూలక్ష్మి చాప పరిచేది. ట్యూబు మూత తీసి ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకునేది. "సముద్రం మొత్తం ఇందులోనే ఉందే," అని గొణిగి, అరచేతిలో వేసుకుని గుండ్రంగా రాసేది. మొదట్లో ఆమెకు ఆ పని మీద నమ్మకం లేదు. నెలలు గడిచేకొద్దీ పొట్ట పెరిగింది కానీ చర్మం మీద చిన్న దురద కూడా రాలేదు. వీధిలో ఆడవాళ్ళని పిలిచి చూపించడం మొదలుపెట్టింది.

"కుండలా ఉంది చూడండొదినా. నా నలుగురు పిల్లలకీ నా పొట్ట చింకి చాపలాగ అయిపోయింది."

పూర్ణిమ సిగ్గుపడి చీర లాక్కునేది.

*

కార్తీక మాసం వచ్చింది. పరీక్షలో ఉన్న ఒకామె అత్తవారిది నిష్ఠగల ఇల్లు. ఆ నెలంతా నీచు ముట్టరు. లేపనం చేపతో చేసిందని ఎవరో అన్నారు. ఒంటికి రాసుకోవడం మాత్రం తినడం కాదా అని ఆమె నెల మొదలు కాగానే మానేసింది. ప్రయోగశాలకి చెప్పలేదు. చెబితే తిడతారని.

మాసం ముగిసేలోపే ఆమెను ఆస్పత్రికి తెచ్చారు. పొట్ట చర్మం ఒక్కసారిగా లోతుగా విచ్చింది. చీము పట్టింది, జ్వరం వచ్చింది. నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సి వచ్చింది. బిడ్డను గాజు పెట్టెలో పెట్టారు.

సుందరి మేడమ్ మూడు రోజులూ ఆస్పత్రిలోనే కూర్చున్నారు. తిరిగొచ్చాక జలజను పిలిచారు.

"లేపనం వాడుతున్నంతకాలం చర్మం తనంతట తాను పట్టుకునే అలవాటు మానేస్తోంది," అన్నారు. "మధ్యలో వదిలేస్తే ఒకేసారి తెగుతుంది. ఎవరూ ఆపకూడదు. కాన్పయ్యాక మనమే కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. ఇంటింటికీ వెళ్ళి చెప్పు."

జలజ ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. తన ఇంట్లో చెప్పనక్కర్లేదనుకుంది. తల్లి ఒక్క రోజూ మానలేదు.

*

ఒక ఆదివారం మధ్యాహ్నం భూలక్ష్మి పక్కింటికి వెళ్ళినప్పుడు పూర్ణిమ జలజను గదిలోకి పిలిచింది. కిటికీ తలుపు పూర్తిగా తెరిచి వెలుతురులో నిలబడింది. చీర కుచ్చిళ్ళు కాస్త కిందికి జరిపింది.

"ఎన్ని కనబడుతున్నాయి?"

"ఏంటి వదినా?"

"చారలు. ఎడమవైపు."

జలజ మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. బిగువుగా, నున్నగా ఉన్న పొట్ట. కింద ఎడమవైపు రెండు పాలిపోయిన గీతలు.

"రెండు. పాతవి. కొత్తవేమీ లేవు వదినా, భయపడకు."

"మూడుండేవి."

జలజ తలెత్తింది. పూర్ణిమ ఏడవడం లేదు. వేలితో ఒక చోటు చూపించింది.

"ఇక్కడ ఒకటుండేది. కొస కొంచెం పైకి వంగి ఉండేది. మొన్నటిదాకా తడిమితే తగిలేది. మిగతా రెండూ కూడా సన్నబడుతున్నాయి."

"పోతే మంచిదే కదా," అని జలజ అనబోయింది. వదిన మొహం చూసి ఆగిపోయింది.

"దాన్ని నాకు చూపించలేదు జలజా," అంది పూర్ణిమ. "నాకు తెలివొచ్చేసరికే బాబాయి వాళ్ళు తీసుకెళ్ళిపోయారు. ఆడపిల్ల అని మాత్రం ఒకావిడ చెప్పింది. జుట్టుందా అని అడిగాను. పడుకో తల్లీ అంది. మీ అన్నయ్యని అడిగాను, గుమ్మం బయటే నిలబెట్టారంట, తనూ చూడలేదు. నేను కుట్టిన గుడ్డలన్నీ పిన్ని ఎవరికో ఇచ్చేసింది. ఫొటో లేదు. ఎక్కడ పెట్టారో కూడా నాకు తెలీదు." పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "దాని కాలు ఎప్పుడూ ఈ పక్కనే ఉండేది. తన్నీ తన్నీ ఈ మూడూ అదే గీసింది. నా దగ్గర దానివంటూ ఉన్నవి ఇవే."

"మరి ఈ క్రీము ఎందుకు రాసుకున్నావు వదినా?"

"కొత్తవి వస్తే కలిసిపోతాయి కదా. ఏది దానిదో, ఏది దీనిదో తెలియదు. కొత్తవి రాకుండా ఉంటే చాలనుకున్నాను. పాతవి పోతాయని నువ్వు చెప్పలేదు."

"మాకే తెలీదు వదినా. తొలిచూలు వాళ్ళకే ఇస్తున్నాం కాబట్టి—"

జలజ చూపు ఆ రెండు గీతల మీదికి వెళ్ళింది.

"అవును," అంది పూర్ణిమ. "నాదీ తొలి కాన్పేనని తల ఊపి వచ్చాను. అది అసలు లేదని చెప్పి వచ్చాను. వినుంటుంది."

వీధిలో భూలక్ష్మి గొంతు వినబడింది. పూర్ణిమ చీర సర్దుకుంది.

*

మర్నాడు జలజ ప్రయోగశాలలో ఒక చర్మం ముక్కను కావాలని తెగేదాకా లాగింది. మాసిక పడే దాకా ఆగి, దాని మీద లేపనం రాసి మళ్ళీ యంత్రానికి పెట్టింది. ప్రతి పూటా వెళ్ళి చూసింది. మాసిక పలచబడింది. తరవాత ఎక్కడుండేదో కూడా గుర్తుపట్టలేకపోయింది. పోగులన్నీ తమ మొదటి చోటికి వెళ్ళిపోయాయి. ఆ మధ్యలో ఏం జరిగినా లేపనానికి అక్కర్లేదు. మొదట ఎలా ఉండేదో అదొక్కటే దానికి తెలుసు.

సుందరి మేడమ్‌ని పిలిచి చూపించింది. ఆమె ముక్కని లైటు కిందికి జరిపి చూశారు. తరవాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కాలిన మచ్చలు కూడా పోతాయి జలజా," అన్నారు నెమ్మదిగా. "మొహం కాలిన ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసా. యాసిడ్ పడినవాళ్ళు. నేను చారల కోసం వెతుకుతుంటే ఇది దొరికింది." ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

జలజకి ఆ సంతోషం తప్పని అనిపించలేదు. అందుకే వదిన సంగతి చెప్పడం ఇంకా కష్టమైంది. చెప్పింది. తొలి కాన్పు అన్న మాట దగ్గర తాను వింటూ ఊరుకున్నానని కూడా చెప్పింది.

సుందరి మేడమ్ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆపితే?" అంది జలజ.

"ఆపితే ఏమవుతుందో ఆస్పత్రిలో చూశాం."

"ఆ రెండు గీతల మీద మాత్రం రాయకుండా ఉంటే?"

"ఒకచోట రాసినా చర్మం మొత్తానికి పాకుతుంది. అలా పాకేలా చేయడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది." ఆమె జలజ వైపు చూడలేదు. "వెళ్ళి ఆమెకి నిజం చెప్పు. నిర్ణయం ఆమెది. ఏం నిర్ణయించినా నేను వచ్చి దగ్గరుంటాను."

వెళ్ళేముందు జలజ బీరువాలోంచి అచ్చులు తీసే మెత్తటి రబ్బరు ముద్ద ఒక డబ్బాలో పెట్టుకుంది. చర్మం మీద నొక్కితే వెంట్రుకంత గీత కూడా అందులో దిగుతుంది.

*

పెరట్లో పూర్ణిమ ఆరిన బట్టలు తీస్తోంది. జలజ ఒక్కొక్కటీ మడత పెడుతూ అంతా చెప్పింది. గాజు పెట్టెలో ఉన్న బిడ్డ సంగతి కూడా దాచలేదు.

"ఆ బిడ్డ బతుకుతుందా?"

"బతుకుతుందనే అంటున్నారు. ఇంకా ఇంటికి పంపలేదు."

పూర్ణిమ తీగ మీద చెయ్యి ఆనించి నిలబడింది. కడుపులో బిడ్డ కదిలినట్టుంది, చెయ్యి కుడివైపుకి వెళ్ళింది.

"ఇది కుడివైపే తంతుంది," అంది. "దానికీ దీనికీ పోలికే లేదు."

జలజ డబ్బా తీసింది. "ఉన్న రెండింటికీ అచ్చు తీస్తాను వదినా. ఎన్నేళ్ళయినా పాడవదు. వేలితో తడిమితే అలాగే తగులుతుంది."

పూర్ణిమ ఆ రబ్బరు ముద్దని చేతిలోకి తీసుకుంది. వేలితో నొక్కి చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఇది చల్లగా ఉంది జలజా."

"ఫొటో అయినా తీయనీ."

"అది పుట్టిన రోజున తీసుంటే బాగుండేది."

బట్టల మూట ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం భూలక్ష్మి చాప పరిచి పిలిస్తే, "నేనే రాసుకుంటాను అత్తా," అంది. భూలక్ష్మి వింతగా చూసి, "చేపంటే నీకూ ఇష్టం పుట్టిందేంటే," అని వెళ్ళిపోయింది.

జలజ గుమ్మం దగ్గర నిలబడి చూసింది. పూర్ణిమ అరచేతిలో లేపనం వేసుకుంది. కుడివైపు నుంచి మొదలుపెట్టి గుండ్రంగా రాసుకుంటూ వచ్చింది. ఎడమవైపు కింద చెయ్యి కాసేపు ఆగింది. తరవాత అక్కడ కూడా రాసుకుంది. చంటిపిల్లకి నూనె రాసినంత మెత్తగా రాసుకుంది.

అలా రోజూ తన చేత్తోనే రాసుకుంది. రెండో గీత ఎప్పుడు పోయిందో చెప్పలేదు. చివరిది పోయిన రోజు మాత్రం జలజకి తెలిసింది. ఆ రోజు పూర్ణిమ స్నానాల గదిలోంచి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక అందరికీ వడ్డించి, తను తినకుండా పడుకుంది.

"వేవిళ్ళు మళ్ళీ మొదలయ్యాయేంటి ఈ నెలలో," అన్నాడు నూకరాజు.

జలజ అన్నని వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది. అతను వింటూ వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ ఉన్నాడు. అంతా విన్నాక, "నేను లోపలికెళ్ళి చూసుండాల్సింది," అన్నాడు. "ఆ రోజు. గుమ్మం దగ్గర ఆగమన్నారని ఆగిపోయాను." రేవుకి వెళ్ళిపోయాడు. ఆ పూట ఐసు తోలే పని లేదు.

*

మగపిల్లాడు పుట్టాడు. మంచి బరువు, గట్టి గొంతు. సుందరి మేడమ్ మాట ఇచ్చినట్టే ఆస్పత్రిలో దగ్గరుండి, లేపనం తగ్గించే పద్ధతి కూడా తనే చూసుకున్నారు. వారం తిరిగేసరికి పూర్ణిమ పొట్ట మొదటికి వచ్చేసింది.

"నమ్మలేం మేడమ్," అంది ఎస్తేరు. "కాన్పయిందంటే ఎవరూ ఒప్పుకోరు."

మందుకి అనుమతి ఇవ్వడానికి ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలకి పరీక్షలో ఉన్న ఆడవాళ్ళ ఫొటోలు తెర మీద చూపించారు. ఎవరి మొహాలూ లేవు, పొట్టలు మాత్రమే. వాటిలో ఒకటి పూర్ణిమదని జలజ ఒక్కతే గుర్తుపట్టింది. వచ్చినవాళ్ళలో ఒకాయన మెచ్చుకోలుగా తల ఊపి, "అసలేమీ జరగనట్టే ఉంది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తరవాతి పరీక్ష పాత చారలున్నవాళ్ళ కోసం. చాలామంది వచ్చారు. ముందు ఏం అడగాలో జలజ తానే మార్చుకుంది. ఎన్నో కాన్పు అని కాకుండా, "ఎన్నిసార్లు కడుపొచ్చింది? అందరినీ కలిపి చెప్పండమ్మా," అని అడిగేది. పాతవన్నీ పోతాయని, ఒక్కటి కూడా ఉంచడం కుదరదని చెప్పేది. ఎక్కువమంది అదే కదా కావాల్సింది అని నవ్వారు. ఒకామె మాత్రం ఆ మాట విని, కాసేపు కూర్చుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. జలజ ఆమెను వెనక్కి పిలవలేదు.

*

బారసాలకి ఇల్లంతా చుట్టాలు. ఉయ్యాల పక్కింటి వాళ్ళది. పసుపు రాసిన పీట మీద నూకరాజు కూర్చున్నాడు, పక్కన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పూర్ణిమ. ముందు పళ్ళెంలో బియ్యం పరిచారు. నూకరాజు ఉంగరంతో బియ్యంలో పేరు రాశాడు.

"లోహిత్," అని చదివారు అందరూ.

"పలకడానికి నోరు తిరగట్లేదురా," అంది భూలక్ష్మి. "నేను బుజ్జిగాడనే అంటాను."

"మీరేమన్నా వాడు పలకడులెండి పెద్దమ్మా, నిద్రపోతన్నాడు," అన్నారెవరో. నవ్వుకున్నారు. పెద్దావిడ ఒకరు పళ్ళెం తీసేయబోయింది.

"ఒక్కసారి ఆగండి," అంది పూర్ణిమ.

బిడ్డను జలజ చేతికిచ్చింది. నూకరాజు చేతిలోంచి ఉంగరం తీసుకుంది. బియ్యాన్ని అరచేత్తో సమంగా పరిచి, వంగి నెమ్మదిగా రాసింది. మొదటి అక్షరం పడగానే నూకరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఎవరూ చదవలేదు. "ఇంకో పేరేంటమ్మా?" అని పెద్దావిడ భూలక్ష్మిని చూసింది.

"పెద్దదాని పేరు," అంది పూర్ణిమ. "వీడి అక్క."

"శుభమా అని పిల్లాడి బారసాలనాడు ఇదేంటే," అని వెనక నుంచి ఒక గొంతు మెల్లగా అంది. పూర్ణిమ తల ఎత్తలేదు. బియ్యం మీది పేరు ఎవరి కోసమో ఆగినట్టు అలాగే ఉంది.

జలజ పిల్లాడిని భుజాన వేసుకుని ముందుకొచ్చింది. పళ్ళెం మీదికి వంగింది. బళ్ళో పిల్లలు చదివినట్టు అందరికీ వినబడేలా చదివింది.

"గౌతమి."

నూకరాజు కూడా అన్నాడు.

భూలక్ష్మి కోడలి పక్కన కింద కూర్చుంది. చాలాసేపు ఆ అక్షరాల వైపు చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఎప్పుడనుకున్నావే ఆ పేరు?"

"అది కడుపులో ఉండగానే అత్తా."

"నాతో అనలేదేం?"

"మీరు అడగలేదు."

భూలక్ష్మి తల ఊపింది. పెద్దావిడ పొయ్యి మీది పరమాన్నంలో వేయాలని, పళ్ళెంలో బియ్యం చెరిపి ఇమ్మని అడిగింది.

"ఎవరూ ముట్టుకోకండి," అంది భూలక్ష్మి. "దేవుడి గదిలో పెడతాను."

మోకాళ్ళు పట్టుకుని లేచింది. పళ్ళేన్ని రెండు చేతులతో ఎత్తింది. నిండు నీళ్ళు మోస్తున్నట్టు, బియ్యం మీదే చూపు పెట్టి, ఒక్కో అడుగూ వేస్తూ నడిచింది. చుట్టాలు పక్కకి జరిగి దారిచ్చారు. గడప దాటేటప్పుడు ఆమె కాలు కొంచెం తడబడింది. బియ్యం ఒక పక్కకి జారింది.

ఆమె ఆగి చూసుకుంది. మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. అడుగు తీసి అడుగు వేస్తే అదీ పోతుందేమోనని, పళ్ళెం పట్టుకుని గడప మీద అలాగే నిలబడిపోయింది.